తలుపు దగ్గరే ఆపాలి!

2009 జులై. అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఓ కొత్త టీకా వేయడం మొదలైంది. మొత్తం దాదాపు 14 వేల మంది. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న గిరిజన బాలికలు. పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2010 ఏప్రిల్లో కార్యక్రమం ఆగిపోయింది.

ఆ జిల్లా గుండాల అడవి దాటితే అప్పటి వరంగల్ జిల్లా కొత్తగూడ మండలం. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు అందులోంచే గంగారం మండలం ఏర్పడి, మహబూబాబాద్ జిల్లాలో చేరింది. అటు గుండాలలోనూ ఇటు గంగారంలోనూ ఉన్నవి కోయగూడేలే. ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా రావాల్సిన ప్రశ్నలు ఆ రోజున ఆ గూడేల్లో ఎవరికైనా వచ్చే ఉంటాయి. క్యాన్సర్‌కి టీకా ఏమిటి? రోగం పెద్దవాళ్లదైతే సూది పిల్లలకెందుకు? దాంతో ఏమైనా అయితే?

న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు కావాలంటే ఓసారి కణం గుమ్మం దాకా వెళ్లి రావాలి.

గోడకు పడ్డ గీత

ఈ కథలో దొంగ పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. పొట్టిగా హెచ్‌పీవీ. ఎంత చిన్నదంటే, ఒక్క మిల్లీమీటరు పొడవులో 18 వేల వైరస్‌లను వరసగా పేర్చొచ్చు. ఇందులో రెండొందలకు పైగా రకాలున్నాయి. చేతుల మీదా కాళ్ల మీదా వచ్చే పులిపిర్లు ఈ కుటుంబం పుణ్యమే. వాటివల్ల ప్రాణానికి వచ్చే ముప్పేమీ లేదు. ఓ డజను రకాలు మాత్రం ప్రమాదకరమైనవి. అందులోనూ 16, 18 నంబర్లవి మరీ మొండిఘటాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండే కారణం.

లైంగిక సంబంధం ద్వారా ఇది ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. మగవాళ్లలో చాలావరకూ ఏ లక్షణమూ చూపకుండా ఉండిపోతుంది. ప్రపంచంలో ఆడా మగా అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. ఒకరినే నమ్ముకుని కాపురం చేసిన ఇల్లాలికీ రావచ్చు. కాబట్టి దీన్ని నడతతో ముడిపెట్టి మాట్లాడటం తప్పు. ఆ మాటలకు భయపడే ఎందరో ఆడవాళ్లు జబ్బును దాచుకుంటున్నారు.

మరి ఈ వైరస్ కణంలోకి ఎలా వెళుతుంది? మన చర్మమైనా, గర్భాశయ ముఖద్వారం మీది పొర అయినా వరసలు వరసలుగా పేర్చిన ఇటుక గోడలాంటిది. పైవరసల్లోని కణాలు పెరగడం మానేసి, ఒకనాటికి రాలిపోతాయి. కింది వరసలోవే విభజన చెందుతూ కొత్త కణాల్ని పైకి పంపుతుంటాయి. వైరస్‌కి కావాల్సింది ఆ కింది వరస. గోడ గట్టిగా ఉంటే దాని ఆటలు సాగవు. కంటికి కనిపించనంత చిన్న గీత పడితే చాలు, అందులోంచి జారి అడుగుకు చేరుతుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గర రెండు రకాల పొరలు కలిసే చోటు ఒకటుంది. అక్కడ గోడ పల్చన. ఈ క్యాన్సర్ ఎక్కువగా అక్కడే మొదలవడానికి కారణమదే.

అడుగుకు చేరిన వైరస్ ముందుగా, కణాల చుట్టూ ఉండే చక్కెర గొలుసుల్లాంటి పదార్థానికి అతుక్కుంటుంది. అలా అతుక్కున్నాక దాని పైతొడుగు కొద్దిగా సర్దుకుంటుంది. మన శరీరంలోని ఓ ఎంజైమే కత్తెరలా పనిచేసి, ఆ తొడుగులోని ఒక ప్రొటీన్ కొసను కత్తిరిస్తుంది. అప్పుడు గానీ కణం దాన్ని మింగదు. ఇదంతా చిటికెలో అయ్యే పని కాదు, గంటలు గంటలు పడుతుంది. ఈ నిదానమే దాని బలహీనత. ఆ సంగతి తర్వాత.

లోపలికి వెళ్లినా పని అయిపోలేదు. జన్యువులుండే కేంద్రకం చుట్టూ మరో పొర ఉంటుంది. దాన్ని బద్దలుకొట్టే శక్తి హెచ్‌పీవీకి లేదు. అందుకని కాచుక్కూర్చుంటుంది. కణం రెండుగా విడిపోయే సమయంలో కేంద్రకం పొర కాసేపు కరిగిపోతుంది. ఇంటికి మరమ్మతులు చేస్తూ తలుపులు ఊడదీసి పక్కన పెట్టినప్పుడు దొంగ దూరినట్టు... సరిగ్గా అప్పుడే లోపలికి చేరిపోతుంది.

చావాల్సిన కణం చావకపోతే...

మన ఒంట్లో కణాలకు బతకడమే కాదు, సమయానికి చావడం కూడా ఓ పనే. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ చేయి మొదట తెడ్డులా ఉంటుంది. మధ్యలోని కణాలు తమంతట తాము చనిపోతేనే వేళ్లు విడివడతాయి. కప్పపిల్ల తోక మాయమయ్యేదీ అలాగే. జన్యువులు దెబ్బతిన్న కణాలు కూడా అదేవిధంగా తప్పుకోవాలి. లేకపోతే ఆ తప్పు పిల్లకణాలకూ వెళుతుంది.

ఈ వ్యవహారాన్ని చూసే కాపలాదారు ఒకరున్నారు. 1979లో శాస్త్రవేత్తల కంటపడిన ఆ ప్రొటీన్ పేరు పీ-53. కణంలో జన్యువులు దెబ్బతింటే 'ఆగు, ముందు బాగుచేసుకో' అంటుంది. బాగుపడే స్థితి లేకపోతే 'ఇక చాలించు' అంటుంది. కణం మారుమాట్లాడకుండా తనను తాను చంపుకుంటుంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో సుమారు సగంలో ఈ కాపలాదారుకు సంబంధించిన జన్యువే చెడిపోయి ఉంటుంది.

హెచ్‌పీవీ ఎత్తు వేరు. అది ఆ జన్యువు జోలికి పోదు. ఈ-6 అనే తన ప్రొటీన్‌ను తయారుచేయిస్తుంది. కణంలో పాడైన ప్రొటీన్లను చెత్తబుట్టలో వేయడానికి ఓ ఏర్పాటుంటుంది కదా... ఈ-6 ఆ ఏర్పాటునే వాడుకుని, నిక్షేపంలాంటి పీ-53కి 'చెత్త' అని చీటీ అంటిస్తుంది. కణం తన కాపలాదారును తానే ముక్కలు చేసుకుంటుంది! ఈ-7 అనే మరో ప్రొటీన్, విభజనకు బ్రేకులా ఉండే ఇంకో ప్రొటీన్‌ను పక్కకు నెట్టేస్తుంది. కాపలా లేదు, బ్రేకు లేదు. ఇక ఆ కణానికి ఆపేవాళ్లెవరు?

నిజానికి క్యాన్సర్ తెప్పించడం వైరస్‌కి లాభమేమీ కాదు. పెరగడం మానేసిన కణాల్ని మళ్లీ పనిలోకి దింపి, తన నకళ్లు తీయించుకోవడం వరకే దాని అవసరం. కానీ ఏళ్ల తరబడి అలా తిష్ఠ వేస్తే, ఒక్కోసారి వైరస్ జన్యువు తెగి మన జన్యువుల్లో అతుక్కుపోతుంది. ఆ తెగడంలో ఈ-6, ఈ-7లను అదుపులో ఉంచే భాగం సాధారణంగా పాడైపోతుంది. ప్రమాదం అక్కడ ముదురుతుంది.

ఊరటనిచ్చే విషయమేమిటంటే, వైరస్ సోకిన ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మందికి రెండేళ్లలోపు రోగనిరోధక శక్తే దాన్ని తరిమేస్తుంది. మిగిలినవాళ్లలోనూ కొందరికే క్యాన్సర్ దాకా వెళుతుంది. అందుకు మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంటే పట్టుకోవడానికి మనకు బోలెడు సమయం ఉందన్నమాట. అయినా 2022 అంచనాల ప్రకారం మనదేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మంది ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వస్తోంది. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు.

అడగకుండా తీసుకున్న కణాలు

చావు మరిచిన కణం ఎలా ఉంటుందో ప్రపంచానికి చూపించింది ఓ నల్లజాతి మహిళ. పేరు హెన్రియెట్టా లాక్స్. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్నారు. కణితి నుంచి చిన్న ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. అంతకుముందు మనుషుల కణాల్ని సీసాలో పెంచాలని చూస్తే కొన్నాళ్లకే చచ్చిపోయేవి. ఈమె కణాలు మాత్రం రోజుకో రెట్టింపు చొప్పున పెరుగుతూనే పోయాయి. ఆమె అదే సంవత్సరం అక్టోబరులో, 31 ఏళ్ల వయసులో కన్నుమూసింది. హీలా అని పేరుపెట్టిన ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. పోలియో టీకాను పరీక్షించడానికి పనికొచ్చిందీ అవే.

ఎందుకవి చావవు? జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో హెచ్‌పీవీ-16ను, మరుసటి ఏడాది హెచ్‌పీవీ-18ను క్యాన్సర్ కణితుల్లో పట్టుకుంది. హీలా కణాల్లో వెతికితే అక్కడా ఉంది, 18వ రకం! ఆ పరిశోధనకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంకో విశేషం... ప్రయోగశాలలో హీలా కణాల్లోని ఈ-6, ఈ-7ల నోరు నొక్కేస్తే పీ-53 మళ్లీ తలెత్తుతుంది. దశాబ్దాల తరబడి ఆగకుండా పెరిగిన కణాలు ఆగిపోతాయి, చనిపోతాయి కూడా. కాపలాదారు పోలేదు, అన్నాళ్లూ గొంతు నొక్కేశారంతే.

అయితే ఆ కణాలు తీసేటప్పుడు హెన్రియెట్టాను ఎవరూ అడగలేదు. అవి లోకమంతా తిరుగుతున్నాయని ఆమె కుటుంబానికి తెలిసింది 1970లలో. 'అడగడం' అన్న మాట దగ్గరే మన ఖమ్మం కథ కూడా తట్టుకుని పడింది.

లోపల ఏమీ లేని గుల్ల

హెచ్‌పీవీ పైతొడుగు ఎల్-1 అనే ఒకే ప్రొటీన్ ముక్కలు 360 కలిసి కట్టుకున్న గుల్ల. 1991లో ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ కలిసి ఒక సంగతి చూపించారు. ఆ ప్రొటీన్‌ను విడిగా తయారుచేస్తే ముక్కలు వాటంతటవే గుల్లగా అల్లుకుంటాయి. చూడ్డానికి అచ్చం వైరస్సే, లోపల జన్యువు మాత్రం ఉండదు. టీకా అంటే ఆ ఉత్త గుల్లే. కాబట్టి దానివల్ల వైరస్ సోకడం గానీ క్యాన్సర్ రావడం గానీ జరగదు.

గుల్లను చూసిన శరీరం దానికి విరుగుడుగా యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. ఎప్పుడైనా గోడకు గీత పడి అసలు వైరస్ దిగితే, రక్తంలోంచి ఆ యాంటీబాడీలూ అక్కడికి ఊరతాయి. వైరస్ గుమ్మం దగ్గర గంటల తరబడి తచ్చాడుతుందని అనుకున్నాం కదా... ఆ సమయం చాలు, చుట్టుముట్టి కట్టిపడేయడానికి.

ఒకసారి లోపలికి దూరాక మాత్రం ఈ టీకా చేయగలిగింది ఏమీ లేదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ల వయసు. పిల్లలకు ఆ వయసులో రోగం ఉందని కాదు, ఆ దొంగ ఇంకా ఇటువైపు రాలేదు కాబట్టి. ఇంగ్లండ్‌లో 12-13 ఏళ్లప్పుడు టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లెక్క తేలింది.

ఖమ్మంలో ఏం జరిగింది?

మరి ఇంత మంచి టీకా మన దగ్గర ఎందుకు ఆగింది? ఖమ్మంలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ ఈ కార్యక్రమాన్ని పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి చేపట్టింది. రెండుచోట్లా కలిపి టీకా వేయించుకున్నవాళ్లలో ఏడుగురు బాలికలు ఆ తర్వాత వేర్వేరు సమయాల్లో చనిపోయారు. అందులో అయిదుగురు ఖమ్మం వాళ్లు. మహిళా సంఘాలు గొంతెత్తాయి. కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసి విచారణ సంఘాన్ని వేసింది. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుమందు తాగడం, జ్వరాలు... ఇలా మరణాలకు వేరే కారణాలు కనిపించాయనీ, వాటికి టీకాతో సంబంధం ఉన్నట్టు లేదనీ ఆ సంఘం చెప్పింది.

అంతటితో వదిలేయాల్సిన విషయం కాదు. అనుమతి పత్రాల మీద చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. కొన్నింటి మీద ఉన్నవి వేలిముద్రలు. ఏ టీకా, ఎందుకు, ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి... ఇవేవీ కన్నవాళ్లకు సరిగా తెలియలేదు. టీకా తర్వాత పిల్లల బాగోగులు కనిపెట్టే ఏర్పాటూ అంతంతమాత్రమే. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో వీటన్నిటినీ గట్టిగా తప్పుపట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి స్థాయీ సంఘాల నివేదికలను కోర్టులు పరిశీలనకు తీసుకోవచ్చని 2018లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పిందీ ఈ కేసులోనే.

టీకా మంచిదే కావచ్చు. దాన్ని ఇచ్చిన పద్ధతి మంచిది కాదు. ఆ రెండూ కలిసిపోయి, జనం మనసుల్లో మిగిలింది మాత్రం 'ఆ సూది ప్రమాదం' అన్న మాట. దాని ఖరీదు ఎక్కువే. ఓ తరం ఆడపిల్లలు ఆ రక్షణ లేకుండానే పెద్దవాళ్లయ్యారు.

ఆగిపోయిన సూది చెప్పిన నిజం

అదే సమయంలో దేశంలో తొమ్మిది కేంద్రాల్లో ఇంకో అధ్యయనం నడుస్తోంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అందులో ఒకటి. మూడు డోసులు కావాలా, రెండు చాలా అన్నది దాని ప్రశ్న. దానికీ ఖమ్మం కార్యక్రమానికీ సంబంధం లేదు. అయినా 2010 ఏప్రిల్ నాటి ఆదేశంతో అందులోనూ టీకాలు ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి దాదాపు 17,700 మంది అమ్మాయిలు చేరారు. కొందరికి మూడు డోసులు పూర్తయ్యాయి, కొందరికి రెండు. సుమారు అయిదు వేల మంది ఒక్క డోసుతోనే మిగిలిపోయారు.

పరిశోధకులు వాళ్లను వదిలేయలేదు. ఏటా పలకరిస్తూ, పెళ్లయినవాళ్లకు పరీక్షలు చేస్తూ వచ్చారు. పదేళ్ల తర్వాత 2021లో ఫలితాలు వెలువడ్డాయి. 16, 18 రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా మూడు డోసులు సుమారు 93 శాతం కాపాడితే, ఒక్క డోసు 95 శాతం కాపాడింది. అంటే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు!

ఎవరూ కోరుకోని ఆటంకం వల్ల బయటపడ్డ నిజం అది. కెన్యాలో జరిగిన మరో అధ్యయనం కూడా దాన్ని బలపరిచింది. 9 నుంచి 20 ఏళ్ల లోపు వాళ్లకు ఒక్క డోసయినా సరిపోవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మాత్రం ఎక్కువ డోసులు కావాలి. మూడుసార్లు పిల్లల్ని వెతికి పట్టుకోవాల్సిన చోట ఒక్కసారితో పనైపోతే, గంగారంలాంటి అడవి మండలాల్లో అదెంత తేడానో వేరే చెప్పక్కర్లేదు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్‌కు కూడా 2022లోనే అనుమతి వచ్చింది. 9-14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది.

అమ్మలూ, అమ్మమ్మల సంగతి?

2009లో పద్నాలుగేళ్లున్న పిల్లకు 2025లో ముప్పై వచ్చాయి. ముప్పై అంటే పరీక్ష చేయించుకోవడం మొదలుపెట్టాల్సిన వయసు. టీకా వేయించుకున్నవాళ్లకూ ఇది తప్పదు. ఎందుకంటే టీకా అన్ని రకాల నుంచీ కాపాడదు.

పరీక్ష పెద్దదేం కాదు. గర్భాశయ ముఖద్వారం మీద పల్చటి వెనిగర్‌లాంటి ద్రావణం అద్ది, నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లగా మచ్చ కనిపిస్తుంది. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి చేయాలి. వైరస్ జన్యువును నేరుగా పట్టే హెచ్‌పీవీ పరీక్ష ఇంకా కచ్చితమైనది. ముందుదశలో మచ్చ దొరికితే దాన్ని అక్కడికక్కడే కాల్చేయడమో, గడ్డకట్టించి తీసేయడమో చేయొచ్చు. గర్భసంచి తీయించుకోవాల్సిన అవసరం చాలావరకూ రాదు. నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తస్రావమైనా, ముట్లుడిగాక మళ్లీ కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

ఇక టీకా. చేయి నొప్పి, కాస్త జ్వరం, కొందరికి సూది భయంతో కళ్లు తిరగడం మామూలే. అందుకే వేసిన తర్వాత పావుగంట కూర్చోబెట్టాలి. గర్భిణులకు వేయరు. టీకాలో ఉండే పదార్థాలకు తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లూ వేయించుకోకూడదు. పిల్లలు పుట్టరన్న ప్రచారానికి ఆధారం లేదు. బడిలోనో ఆసుపత్రిలోనో ఈ టీకా వేస్తామని కాగితం ఇస్తే చదివించుకోండి. ఏ టీకా, ఎన్ని డోసులు, తర్వాత జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి... అన్నీ అడగండి. హాస్టల్లో ఉన్న పిల్ల అయితే వార్డెన్‌కు ముందే చెప్పి ఉంచండి - కబురు మాకు పెట్టండి, సంతకం మేమే పెడతామని.